అరువిచ్చిన కళ్ళు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ చిరాకు. ఫలానా తోపులో తెల్లచీర కనిపించిందని ఎవరైనా చెబితే నేను అడిగే ప్రశ్న ఒకటే, ఆ చీర అంచు ఏ రంగు అని. ఒక్కరూ చెప్పలేదు. బొమ్మలు వేసుకుని బతికినవాణ్ణి కాబట్టి చూడడమంటే ఏమిటో నాకు కొంచెం తెలుసు. భయపడినవాడు చూడడు, ఊహించుకుంటాడు. ఈ వయసులో కూడా నా అభిప్రాయం మారలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నదాన్ని దయ్యం కథ అనడానికి నాకు మనసొప్పదు. మరేమనాలో కూడా తెలియదు. జరిగింది జరిగినట్టు చెప్పేస్తాను.

నేను రాజోలు దగ్గర ఒక హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారిగా చేసి రిటైరయ్యాను. ఆ ఉద్యోగం రాకముందు అమలాపురంలో ఒక ఫోటో స్టూడియోలో పనిచేసేవాణ్ణి. ఆ రోజుల్లో చిన్న ఫోటోని పెద్దది చేయించి, దానిమీద చేత్తో రంగులు వేయించి, పటం కట్టించుకునేవారు. కొందరికైతే ఫోటో చూసి రంగుల్లో కొత్తగా బొమ్మే వేసి ఇచ్చేవాళ్ళం. మా దగ్గరికి వచ్చేవాటిలో సగం పోయినవాళ్ళ బొమ్మలే.

చాలామందికి బతికుండగా తీసిన ఫోటో ఉండేది కాదు. మా వైపు క్రైస్తవ కుటుంబాల్లో మనిషి పోయాక పెట్టెలో పడుకోబెట్టి, చుట్టూ అయినవాళ్ళందరూ నిలబడి ఒక ఫోటో తీయించుకునేవారు. ఎంతోమందికి జన్మలో అదొక్కటే ఫోటో. దాన్నే పట్టుకొచ్చి, కళ్ళు తెరిపించి బొమ్మ వేసిపెట్టమని అడిగేవారు.

కళ్ళు తెరిపించడం అనుకున్నంత తేలిక కాదు. మూసిన రెప్ప వెనక ఏముందో ఫోటో చెప్పదు. అందుకని రక్తసంబంధం ఉన్నవాళ్ళని ఎదురుగా కూర్చోబెట్టి, వాళ్ళ కళ్ళు చూసి దించేవాళ్ళం. అన్నకి తమ్ముడి కళ్ళు, తల్లికి కూతురి కళ్ళు. అరువు కళ్ళు అని మా స్టూడియోలో వాటికి పేరు.

నాకు పని నేర్పిన గురువుగారు ఒక నియమం పెట్టారు. కన్నంతా పూర్తయ్యాక ఆఖర్న కంటిపాపలో తెల్లరంగుతో చిన్న వెలుగు చుక్క పెడతాం. ఆ చుక్క పడేదాకా అది బొమ్మే. పడ్డాక మనిషి మనకేసి చూస్తున్నట్టు ఉంటుంది. కళ్ళు అరువిచ్చినవాళ్ళు ఎదురుగా ఉండగా ఆ చుక్క పెట్టకూడదనేవారు ఆయన. వాళ్ళని బయటికి పంపి, తలుపు వేసి, అప్పుడు పెట్టాలి. ఎందుకని అడిగితే విసుక్కునేవారు. అయినవాళ్ళు ఎదురుగా ఉంటే భోరుమంటారు, మన చెయ్యి వణుకుతుంది, అందుకే కాబోలు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

డెబ్బైల చివర్లో కొత్తపేట వైపు ఒక పెద్ద రైతు ఉండేవారు. అందరూ బాబుగారు అనేవారు. చదువుకోమని మద్రాసు పంపిస్తే చిత్రకారులతో తిరిగి వచ్చారట. ఆయనకి బొమ్మ వేయడం అబ్బలేదు గానీ, బొమ్మలు వేసేవాళ్ళకి అన్నం పెట్టాలన్న పిచ్చి మాత్రం పట్టుకుంది. గోదావరి మధ్య లంకలో ఆయనకి కొబ్బరితోట, అందులో ఒక పాత పెంకుటిల్లు ఉన్నాయి. వరదలు తీసి చలి మొదలయ్యాక నలుగురైదుగురు కళాకారుల్ని పిలిచి అక్కడ ఉంచేవారు. తిండీ తిప్పలూ ఆయనవి. మేం చేయాల్సింది ఎవరి పని వాళ్ళు చేసుకోవడమే. పడవెక్కితే తప్ప ఆ ఇల్లు చేరలేం. కరెంటు లేదు. మొదటివారం అందరం ఈ ప్రశాంతత ఎక్కడ దొరుకుతుందని మురిసిపోయేవాళ్ళం. రెండోవారం నుంచి దోమల్ని తిట్టుకుంటూ కూర్చునేవాళ్ళం.

నేను స్కూలుకి సెలవు పెట్టి వెళ్ళిన ఏడు నాకు దగ్గరైనవాడు కొండలరావు ఒక్కడే. శిల్పి. పగలంతా మట్టి పిసికేవాడు, సాయంత్రం తనే మళ్ళీ ముద్ద చేసేసేవాడు. ఏం చేస్తున్నావని ఎవరైనా అడిగితే, ఇంకా తెలీలేదు అనేవాడు.

మాకు వంట చేసింది రత్నమ్మ గారు. క్రైస్తవురాలు. నలభై అయిదేళ్ళు ఉంటాయేమో. ఆవిడ వండుతారని తెలిసి బాబుగారి చుట్టాలు ఆ లంకలో భోజనానికి దిగేవారు కాదు. బాబుగారు దానికి నవ్వేసేవారు. మాకు చేపల పులుసు మిగిలేది కాబట్టి మేమూ బాధపడలేదు.

రత్నమ్మ గారు ఎక్కువ మాట్లాడేవారు కాదు. భర్త ఎప్పుడో పోయారు. ఒక్కతే కూతురు, సుగుణ. టీచర్ ట్రైనింగ్ చదువుతూ ఉండగా ఆ వేసవిలోనే కామెర్లు వచ్చి పోయింది. ఈ సంగతి మాకు చెప్పింది బాబుగారే. తన ఇంట్లో ఒంటరిగా ఉండలేకపోతున్నారని, నలుగురి మధ్య ఉంటే తెరిపిన పడతారని ఆయనే ఆవిణ్ణి లంకకి రప్పించారు.

నేను స్టూడియోలో చేసిన పని గురించి ఒకరోజు భోజనాల దగ్గర ఏదో సరదాగా చెప్పాను. మర్నాడు మధ్యాహ్నం ఆవిడ ఒక చేతిగుడ్డలో చుట్టిన ఫోటో పట్టుకొచ్చి వరండాలో నా ముందు పెట్టారు. నేననుకున్నదే. పెట్టెలో ఆ పిల్ల. ముక్కులో దూది. తలదగ్గర వంగి రత్నమ్మ గారు. పక్కన ఆవిడ చెల్లెలు కరుణమ్మ.

గోడకి పటం కోసం కాదని ఆవిడ ముందే చెప్పారు.

"దాని మొఖం గుర్తుందండి. నడక గుర్తుందండి. నాకేసి చూసేది కదండీ, ఆ చూపు పోతందండి. రోజుకింత పోతంది. నాకేసి చూస్తన్నట్టు వెయ్యండి మాస్టారూ."

అలాంటి మాటలు స్టూడియోలో చాలా విన్నాను. వినీ వినీ చెవులు మొద్దుబారాయనుకున్నాను. కానీ ఆ రోజు ఫోటో చేతిలోకి తీసుకున్నాను. వేస్తానన్నాను.

సుగుణకి తోబుట్టువులు లేరు. కాబట్టి కళ్ళు తల్లివే తీసుకోవాలి. మధ్యాహ్నం గిన్నెలు కడిగాక పొయ్యి వెలిగించే వేళ వరకూ ఆవిడ నా ముందు పీటమీద కూర్చునేవారు. మామూలుగా జనం బొమ్మకి కూర్చుంటే నడుం సర్దుకుంటారు, ముక్కు గోక్కుంటారు. ఈవిడ కదిలేవారు కాదు. తేనెరంగు కళ్ళు. ఎడమ రెప్ప కొంచెం వాలి ఉండేది. కూతురికీ అలాగే ఉండేదా అని అడిగాను. "ఆయ్" అన్నారు. వెంటనే, ఏమోనండి, అదే మర్చిపోతన్నానని చెప్పేను కదండీ అని తల దించుకున్నారు. అక్కడితో అడగడం మానేశాను.

బొమ్మ బాగా వచ్చింది. నా బొమ్మని నేనే పొగుడుకునే అలవాటు నాకు లేదు. ఎక్కువ పొగడాల్సినంతగా ఎప్పుడూ వేయలేదు కూడా. కానీ ఇది కుదిరింది. రోజంతా మొహం తిప్పుకుని మట్టి పిసికే కొండలరావు కూడా వచ్చి వెనకాల నిలబడి చూసి వెళ్ళాడు.

వెలుగు చుక్క మిగిలింది. గురువుగారి మాట ప్రకారం రత్నమ్మ గారిని కాసేపు లోపలికి వెళ్ళమన్నాను. ఆవిడ లేవలేదు. చెప్పడం మొదలుపెట్టారు. కూతురు పోయిన రోజు ఆస్పత్రిలో నర్సు గంజి తెమ్మంటే ఆవిడ బయటికి వెళ్ళారట. తిరిగి వచ్చేసరికి మొఖంమీద దుప్పటి కప్పేశారట.

"అది కళ్ళు మూసేటప్పుడు నన్ను పంపేసేరండి. తెరిచేటప్పుడు కూడా పంపేస్తారా?"

వరండా అవతల నుంచి కొండలరావు, ఉండనివ్వవయ్యా బాబూ అన్నాడు. నాకూ అది వట్టి చాదస్తమనే అనిపించింది. సన్నకుంచె తీసుకుని ముందు కుడికంట్లో, తర్వాత ఎడమకంట్లో చుక్క పెట్టాను. ఆవిడ నా భుజం పక్కన నిలబడి బొమ్మకేసి చూస్తున్నారు.

"నాకేసే చూస్తందండి" అన్నారు.

తర్వాత చాలాసేపు ఏడ్చారు. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, పొయ్యి దగ్గరికి వెళుతూ గుమ్మానికి కొట్టుకున్నారు. ఏడ్చిన కళ్ళు కదా అనుకున్నాం. ఆ పూట వడ్డించేటప్పుడు చారు కొండలరావు విస్తట్లో కాకుండా వాడి ఒళ్ళో పోశారు. వాడు గంతేస్తే అందరం నవ్వాం. ఆవిడ కూడా నవ్వారు.

తర్వాత నవ్వడానికేమీ లేకపోయింది. ముందు మసక అన్నారు. పొగ అని మేమన్నాం. కొన్నాళ్ళకి బియ్యంలో రాళ్ళు కనపడటం లేదన్నారు. మా విడిది ముగిసేనాటికి ఆవిడ గోడ తడుముకుంటూ నడుస్తున్నారు. బాబుగారు కారులో కాకినాడ తీసుకెళ్ళి పెద్ద కంటి డాక్టరుకి చూపించారు. కళ్ళలో లోపమేమీ లేదని, మనసుకి తగిలిన దెబ్బకి ఒక్కోసారి ఇలా అవుతుందని, అదే తగ్గుతుందని డాక్టరు చెప్పాడట. నాకు అది పూర్తిగా సబబుగా తోచింది. బిడ్డ పోయిన తల్లి. ఇంతకంటే వేరే కారణం వెతకడం దేనికి?

కరుణమ్మ వచ్చి అక్కని ఇవతలి ఒడ్డున తన ఇంటికి తీసుకుపోయింది. బొమ్మ కూడా వాళ్ళతోనే వెళ్ళింది.

మరుసటి వేసవి సెలవుల్లో చూడడానికి వెళ్ళాను. ఏటిగట్టుకి దిగువన మట్టిగోడల ఇల్లు. లోపలి గదిలో బొమ్మని దూలానికి దగ్గరగా ఎత్తుగా తగిలించారు. దాని ఎదురుగా చాపమీద రత్నమ్మ గారు కూర్చుని ఉన్నారు. చూపు రాలేదని కరుణమ్మ వాకిట్లోనే చెప్పింది. నేను చెప్పులు విడిచి చప్పుడు కాకుండా వెళ్ళి బొమ్మ ముందు నిలబడ్డాను. ఆవిడ నావైపు తల తిప్పలేదు.

"గడ్డం పెంచేరేంటండి మాస్టారూ?" అన్నారు.

నేను నిజంగానే గడ్డం పెంచాను. కరుణమ్మ చెప్పి ఉంటుందనుకున్నాను. చూపు వచ్చిందా అని అడిగాను. రాలేదన్నారు. ఆవిడ ఎంత మామూలుగా చెప్పారో అంత మామూలుగానే రాయాలని ప్రయత్నిస్తున్నాను. తన కళ్ళకి ఏమీ కనపడదట. కానీ గోడమీద నుంచి కనపడుతుందట. ఈ గది, ఈ చాప, చాపమీద తను.

"నడినెత్తిమీద ఇంత తెల్లబడిపోయిందని నాకు తెలీదండి. అక్కణ్ణించి చూస్తే తెలిసింది."

నాకు కోపం వచ్చింది. ఎవరిమీదో తెలియదు. దుఃఖంలో మనిషి ఏవో కల్పించుకుంటుంది, దాన్ని తేల్చేస్తే ఆవిడకే మంచిదనుకున్నాను. బొమ్మని మేకు నుంచి దించి, ఆవిడకి చెప్పకుండా, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి బయటికేసి తిప్పి పట్టుకున్నాను.

కిటికీ ఆవిడ వీపువైపు ఉంది. ఆవిడ, పక్కింటి గోడమీద పిల్లి పడుకుని ఉందని, తోక కిందికి వేలాడుతోందని చెప్పారు. నేను తల వంచి కిటికీలోంచి చూశాను. పిల్లి ఉంది. తోక అలాగే ఉంది.

బొమ్మని మళ్ళీ గోడకి తగిలించాను. మేకు దొరకక కాస్త తడబడ్డాను. ఆవిడ సంతోషంగా ఉన్నారు. అది చెప్పకపోతే అబద్ధం చెప్పినట్టే. కూతురు తనకేసి చూడాలని అడిగారు, పొద్దస్తమానం చూస్తోంది. కళ్ళు పోయినా ఫరవాలేదండి అన్నారు. నేను మంచినీళ్ళు కూడా తాగకుండా వచ్చేశాను. ఆ తర్వాత కొన్నేళ్ళు ఆ వైపు వెళ్ళలేదు. బాబుగారు కాలంచేశారు, లంకలో విడిది కూడా ఆగిపోయింది.

ఎనభైల మధ్యలో గోదావరికి పెద్ద వరద వచ్చింది. మా వైపు పెద్దవాళ్ళకి ఆ వరద గురించి నేను చెప్పక్కర్లేదు. నీళ్ళు తీశాక, కరుణమ్మ వాళ్ళు ఏమయ్యారోనని బయల్దేరి వెళ్ళాను. ఇల్లున్నచోట మట్టికుప్ప ఉంది. వాళ్ళు గట్టుమీద తాటాకు పాక వేసుకుని ఉన్నారు. అక్కాచెల్లెళ్ళిద్దర్నీ పడవవాళ్ళు పట్టుకొచ్చారుగానీ, సామానేదీ దక్కలేదు. బొమ్మ కూడా పోయింది.

కరుణమ్మ మొహం పీక్కుపోయి ఉంది. అక్క తిండి తినడం లేదని, పడుకోవడం లేదని, ఎంతసేపూ ఎండ ఎండ అంటుందని చెప్పింది. నేను పాకలోకి వంగి చూశాను. లోపల చీకటిగా ఉంది. ఆ చీకట్లో రత్నమ్మ గారు కళ్ళకి అరచెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. మిట్టమధ్యాహ్నం నడిరోడ్డుమీద నిలబడ్డ మనిషి పెట్టుకున్నట్టు.

నా గొంతు విన్నా చెయ్యి దించలేదు. చెప్పుకుంటూ పోయారు. బొమ్మలోంచి ముందంతా ఎర్రటి నీళ్ళేనట. ఆ తర్వాత ఆకాశం, తిరుగుతూ. ఆ తర్వాత తిరగడం ఆగిపోయింది. ఎక్కడో వెల్లకిలా పడి ఉంది. పక్కన తలమీది మొవ్వ విరిగిన తాటిచెట్టు ఒకటి కనిపిస్తోంది. ఇంకేమీ లేదు. ఎవరూ రారు. పొద్దున్నించీ సూర్యుడు కళ్ళలోకే వస్తాడు, రెప్ప వెయ్యడానికి ఉండదు.

"నాకు కాదండి మాస్టారూ. దానికి. అదక్కడ ఒక్కతే పడుంది. మీరే తెరిచేరు కదండీ. మీరే ఎళ్ళి మూసెయ్యండి."

వెళ్ళాను. మనిషి బుద్ధికి ఇది అందే పని కాదని తెలిసే వెళ్ళాను. ఒక పడవ మాట్లాడుకుని దిగువ లంకలన్నీ తిరిగాను. వరద వెళ్ళాక లంక ఎలా ఉంటుందో చూసినవాళ్ళకి తెలుస్తుంది. బురదలో మంచాలు, తలుపులు, చచ్చిన గొడ్లు, ఎవరి పెళ్ళిదో పందిరి గుడ్డ. పటాలు కూడా దొరికాయి, దేవుళ్ళవీ మనుషులవీ. ప్రతి పటాన్నీ తిప్పి చూశాను. మొవ్వ విరిగిన తాటిచెట్లు లెక్కలేనన్ని ఉన్నాయి. పడవవాడు నన్ను పిచ్చివాణ్ణనుకుని, చివరికి జాలిపడి తనూ వెతికాడు. గోదావరి సముద్రంలో కలిసే మొగదాకా వెళ్ళి తిరిగొచ్చాం. సుగుణ దొరకలేదు.

తిరిగి పాకకి వచ్చేటప్పుడు దారంతా ఒకటే ఆలోచించాను. దొరకలేదని చెబితే ఆవిడ ఇక ఎలా బతుకుతారు? దొరికిందని చెబుదామనుకున్నాను. మనసు నమ్మితే ఒళ్ళు నమ్ముతుంది, కాకినాడ డాక్టరు అన్నది కూడా అలాంటి మాటే కదా. ఆవిడ ముందు కూర్చుని చెప్పాను. బొమ్మ దొరికిందండి రత్నమ్మ గారూ, రెండు కళ్ళమీదా రంగు వేసి మూసేశాను, మంచి గుడ్డలో చుట్టి మా ఇంట్లో పెట్టాను, ఇక ఏ ఎండా తగలదు అన్నాను. కరుణమ్మ నా ముఖంలోకి చూసి తల తిప్పుకుంది.

రత్నమ్మ గారు అంతా విన్నారు.

"లేదండి" అన్నారు, నన్ను నొప్పించకూడదన్నట్టు మెల్లిగా. "ఇప్పుడే కాకొచ్చి వాలిందండి."

అని, మొఖం ముందు చేత్తో తోలుకున్నారు. పాకలో ఈగ కూడా లేదు.

ఇది జరిగి చాలాకాలమైంది. దీనికి సమాధానం కోసం నేను వెతకని దారి లేదు. డాక్టర్లనడిగాను, ఒక పాస్టరుగారిని అడిగాను. అందరూ దయగా ఏదో ఒకటి చెప్పారు. కాకి సంగతి ఊహ అనుకోగలను. గడ్డం సంగతి చెల్లెలు చెప్పిందనుకోగలను. గోడమీద పిల్లి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతాను. నేను కూడా చూశాను కదా.

రత్నమ్మ గారు ఆ వచ్చే చలికాలంలో పోయారు. పెట్టెలో ఉండగా ఫోటో తీశారని విన్నాను. నేను వెళ్ళలేదు. ఆ తర్వాత కరుణమ్మ రాజోలు బస్టాండులో కనపడింది. మంచీచెడ్డా మాట్లాడుకున్నాం. పెట్టెలో మీ అక్క కళ్ళు మూసుకునే ఉన్నాయా అని అడగాలని నోటిదాకా వచ్చింది. ఆవిడ బస్సెక్కేదాకా నిలబడ్డాను. అడగలేకపోయాను.